తిట్టడానికి ఒక మనిషి

పడుకుంటే పాదాలు మంచం దాటి బయటికి వచ్చాయి. తనే సరిగా పడుకోలేదనుకుని ఇంకాస్త పైకి జరిగింది, నడినెత్తి వెళ్ళి తలవైపు చెక్కకి తగిలింది, అయినా మడమలు గాలిలోనే ఉన్నాయి. ఆమె ఏమంత పొడగరి కాదు, ఇంట్లో పై అరలో డబ్బా అందుకోవాలంటే స్టూలు వేసుకునే మనిషి. అంటే మంచమే పొట్టిది, గది పెద్దదిగా కనబడాలని కావాలనే పొట్టిగా చేయించారు. ఆ సంగతి తట్టగానే నవ్వొచ్చింది, నవ్వు వెనకాలే ఒళ్ళు మండింది, ఆ రెండిటి మధ్య లేవాలన్న మాటే మరిచిపోయింది. మంచం మీద కూర్చోకూడదని ఇళ్ళు చూపించే అమ్మాయి చెప్పే వెళ్ళింది, "ఇవన్నీ చూడ్డానికే మేడమ్, ఏమనుకోకండి" అని, ఎంతో మర్యాదగా. కూర్చోవద్దంది, పడుకోవద్దనలేదుగా. పొద్దున్నుంచీ నడుం పీకుతోంది, కుర్చీ ఉద్యోగం చేసేవాళ్ళ నడుములన్నీ అంతే, ఇవాళ ఇల్లు కొనే రోజని దానికేం తెలుసు. పైన సీలింగులో చిన్న చిన్న దీపాలు వరసగా వెలుగుతున్నాయి, పట్టపగలు, కిటికీలోంచి అంత ఎండ వస్తుంటే ఇన్ని దీపాలెందుకో, ఎండని కూడా నమ్మనట్టుంది ఈ కంపెనీ.

కింద ఆఫీసులో కాగితాలు సిద్ధమవుతున్నాయి. భర్త, ఆయన అన్నగారు అక్కడే ఉన్నారు. ఇంకో గంటలో పిలుస్తారు, వెళ్ళి సంతకం పెట్టాలి. ఇల్లు ఇద్దరి పేరున, అప్పు ఇద్దరి జీతాల మీద కాబట్టి ఆమె సంతకం లేకపోతే బండి కదలదు, ఆ ఒక్క కారణానికే తనని ఇంతదూరం తీసుకొచ్చారని ఆమెకి తెలుసు. "ఈలోగా నువ్వు పైకెళ్ళి నమూనా ఇల్లు చూసి టైల్స్ రంగు ఎంచుకో అమ్మాయ్, అది మీ ఆడవాళ్ళ డిపార్టుమెంటు" అన్నారు బావగారు, చేతిలో టైలు ముక్కలు పెట్టి. ఒకటి బూడిద రంగు, ఒకటి లేత బూడిద, ఇంకోటి ఇంకా లేత బూడిద, చివరిది ఏ రంగో దాన్ని చేసినవాడికైనా తెలుసో లేదో. బావగారు చెడ్డ మనిషేమీ కాదు, కష్టమొస్తే ముందు పరిగెత్తుకొచ్చేది ఆయనే, కానీ ఎక్కడ నలుగురు కూడినా అక్కడ ఆయనే అధ్యక్షులు, ఆసుపత్రిలో ఎవరినైనా చూడ్డానికి వెళ్తే రోగం గురించి రోగి కంటే ముందు ఆయనే మాట్లాడతారు. ఆయన తమ్ముడు బయట గలగలా మాట్లాడే మనిషే, అన్నగారు కనబడితే చాలు తనకో నోరుందన్న సంగతే మరిచిపోతాడు. ఎవరు కట్టింది కొనాలి అన్న ప్రశ్న నెలల తరబడి ఇంట్లో నలిగి నలిగి, పోయిన ఆదివారం బావగారు వచ్చి కాఫీ తాగి లేచేలోపు తేలిపోయింది. పెద్ద కంపెనీ, ఊరంతా బోర్డులు, అందరూ మంచిదే అంటున్నారు, ఇంకేం కావాలి. ఇంకేం కావాలో ఆమె చెప్పబోయింది, కప్పులు తీస్తున్న చప్పుడులో ఎవరికీ వినపడలేదు. వినపడలేదా, వినలేదా. ఆ రెండింటికీ తేడా ఆమెకి తెలిసినంతగా ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియదు, రోజంతా ఆమె చేసే పని వినడమే.

పక్కకి తిరిగి పడుకుంది. ఇక్కణ్ణుంచి హాలు, హాలు దాటి వంటగది కూడా కనబడుతున్నాయి, ఎందుకు కనబడుతున్నాయంటే ఎక్కడా తలుపుల్లేవు. గుమ్మాలున్నాయి, తలుపులు బిగించలేదు. తలుపుంటే అది తెరుచుకోవడానికి చోటు కావాలి, ఆ చోటు లేదని తెలిసిపోతుంది. బాత్రూముకి కూడా లేదు, మర్యాద కోసం ఓ గాజు పలక అడ్డం పెట్టారు. గోడ మీది టీవీ అట్టముక్క. అరలో పుస్తకాలు లోపల కాగితాల్లేని వట్టి అట్టలు. బల్ల మీది పళ్ళు ప్లాస్టిక్కువి, వాటిలో ఒకదాని మీద ఎవరివో గోటి గాట్లు, తనలాంటి వాళ్ళే ఎవరో పరీక్ష చేసిపోయారు. ఇందాక వంటగదిలో కుళాయి తిప్పి చూసింది, తళతళా మెరిసిపోతోంది, తిప్పితే గుర్రుమని కూడా అనలేదు. "పైపు ఇవ్వలేదు మేడమ్, ఇది మోడల్ కదా" అంది ఆ అమ్మాయి. తడిబట్టలు ఎక్కడ ఆరేసుకోవాలమ్మా అని అడిగితే పాపం నిజంగానే చుట్టూ చూసింది, ఆ సంగతి ఎప్పుడూ ఆలోచించినట్టు లేదు, చివరికి "ఆరేసుకోవచ్చు మేడమ్" అంది. ఆ పిల్ల మీద కోపం రాలేదు. ఆ గొంతు ఆమెకి బాగా తెలుసు. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పే గొంతు, ఎదుటివాళ్ళు ఎంత గట్టిగా గుద్దినా చప్పుడు రాని గొంతు. అచ్చం తన గొంతే.

ఆమె పని చేసేది ఫిర్యాదుల కేంద్రంలో. చెవులకి హెడ్‌ఫోన్, ఎదురుగా కంప్యూటరు, వచ్చే ఫోన్ ఏ కంపెనీదో తెర మీద పేరు పడుతుంది, ఆ పేరు చెప్పి నమస్కారం అనాలి. పొద్దున లిఫ్టుల కంపెనీ, మధ్యాహ్నం నీళ్ళ మోటార్లు, సాయంత్రం ఇంకేదో, మనిషి మాత్రం ఒకతే. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం. మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం. సంబంధిత విభాగానికి తెలియజేశాం. ఈ ముక్కలతోనే ఇన్నేళ్ళు నెట్టుకొచ్చింది. పొద్దున్నే వచ్చే తిట్లు తాజాగా, స్పష్టంగా ఉంటాయి, మధ్యాహ్నానికి నీరసపడతాయి, సాయంత్రం తిట్లలో వాళ్ళవాళ్ళ పైఅధికారులకి చెందాల్సినవి కూడా కలిసి ఉంటాయి. లిఫ్టు పాడైందని ఓ ముసలాయన రోజూ ఫోన్ చేసేవాడు, పై అంతస్తు, అరిగిపోయిన మోకాళ్ళు, వీధిలోకి దిగి ఎన్నాళ్ళయిందో గుర్తే లేదన్నాడు. మొదట్లో అరిచాడు, తరవాత బతిమాలాడు, ఆ తరవాత ఊరికే మాట్లాడేవాడు, కింద ఎవరెవరు పోతున్నారో కిటికీలోంచి చూసి చెప్పేవాడు, ఎదురుగా కొత్త చెప్పుల షాపు పెట్టారమ్మా, బాగానే నడుస్తోంది అని. ఆమె నమోదు చేస్తూనే ఉంది. ఓ రోజు ఉండబట్టలేక సూపర్‌వైజరుని అడిగింది, ఇవన్నీ ఎవరు చదువుతారండీ అని. అతను చిన్నపిల్లని చూసినట్టు చూసి "సిస్టంలోకి వెళ్తాయి" అన్నాడు. సిస్టంలోకి. ఆ సిస్టం ఎక్కడ కూర్చుంటుంది, దానికి మోకాళ్ళుంటాయా, దాన్ని ఎప్పుడైనా ఎవరైనా మెట్లెక్కించారా. తిట్టినవాళ్ళలో చాలామంది ఫోన్ పెట్టేసేముందు చల్లబడి ఓ మాట అంటారు, "నిన్ను కాదమ్మా, వాళ్ళని." మరి ఆ వాళ్ళెవరు? ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఆమె కంటపడలేదు. వాళ్ళకి చేరాల్సినవన్నీ తన చెవుల దగ్గరే ఆగిపోయాయి. పోనీ తనైనా ఎవరినైనా దులిపేసిందా అంటే అదీ లేదు, గ్యాస్ రాకపోయినా, అద్దె ఇంట్లో పైపు పగిలినా, ఫోన్ తీసి అవతలి గొంతు వినగానే నోరు పడిపోతుంది. అటు కూర్చున్నది కూడా తనలాంటిదే కదా, దాన్ని పల్లెత్తు మాట ఎలా అంటుంది.

అందుకే ఇల్లు కొందామనుకున్నప్పుడు ఆమె మనసులో ఒకే ఒక్క షరతు పడింది, దాన్ని మాటల్లో పెట్టడం మాత్రం అప్పటికి చేతకాలేదు. అందరూ కొత్త ఇళ్ళు చూస్తారు, మనం ఈ బిల్డర్లు ఇదివరకు కట్టిన పాతవి చూద్దాం అంది. కొత్తది ఎవరు కట్టినా కొత్తగానే ఉంటుంది, అందులో గొప్పేముంది. సెలవు రోజుల్లో భర్తని నిద్ర లేపి లాక్కెళ్ళేది, "ఇల్లు కొనుక్కోమంటే ఊళ్ళో ఇళ్ళన్నీ తనిఖీ చేస్తోంది మహాతల్లి" అని గొణుగుతూనే ఆయన బస్సెక్కేవాడు. ఈ పెద్ద కంపెనీ ఎప్పుడో కట్టిన భవనం దగ్గర కాపలా అతను లోపలికి వదల్లేదు, గేటు బయటే నిలబడి వచ్చేపోయేవాళ్ళని అడిగింది. మంచిదేనండి. చాలా బాగుందండి. నిక్షేపంలా ఉందండి. ఒక్కళ్ళు కాదు, అందరూ. ఆమె చెవికే అనుమానం వచ్చింది, మనుషులన్నాక కాపురం ఉంటున్న ఇంటి మీద ఒక్క సణుగుడైనా ఉండదా. చివరికి కుక్కని తిప్పుతున్న ఒకతను అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు. వానొస్తే పడగ్గది గోడలు తడుస్తాయి, పై అంతస్తు నుంచి కింది దాకా అందరికీ అదే గతి, ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబరు ఇస్తారు, అతని దగ్గర అలాంటి నంబర్లు బోలెడున్నాయి. "ఎవరితోనూ అనకండి, పేరు పోతే ఫ్లాట్ల రేటు పడిపోతుంది, రేపు అమ్ముకుందామన్నా కొనేవాళ్ళుండరు." కుక్క ముందుకి లాగితే వెళ్ళిపోయాడు. తడి గోడకి దూరంగా మంచాలు జరుపుకుని పడుకుంటున్నారు, తెల్లారి బయటికొచ్చి నిక్షేపంలా ఉందంటున్నారు, భవనం భవనమంతా. కట్టినవాణ్ణి తిడితే తమ ఇంటికే దెబ్బ, అందుకని మింగలేక కక్కలేక, ఎదురింటివాళ్ళతో కూడా నోరు విప్పకుండా.

ఆ తరవాత చూసింది ఓ చిన్న బిల్డరు కట్టిన పాత ఇల్లు. పొట్టి భవనం, రంగు వెలిసిపోయింది, మెట్ల కింద సైకిళ్ళు, ఎవరూ ఆపలేదు. ఈ ఇల్లు కట్టినాయన ఎలాంటివాడండీ అని అడిగిందో లేదో తిట్లు మొదలయ్యాయి. బాహాటంగా, గొంతెత్తి, కొత్తవాళ్ళ ముందు ఏ మొహమాటమూ లేకుండా. "ఎవరు, మైకా? చెప్పిన టైముకి ఒక్క పని చేస్తే ఒట్టు!" అని పై అంతస్తు కిటికీలోంచి ఒకాయన. అతన్ని అందరూ మైకు అంటారట, మాట్లాడితే వీధి చివరికి వినబడుతుంది కాబట్టి. కింది వాటాలో రిటైరైన టీచరమ్మ అయితే కళ్ళజోడు పెట్టుకుని మరీ ఏకిపారేసింది. మెట్ల అంచులు వంకర, మోటారు గది తలుపు ఎప్పుడూ ఇరుక్కుంటుంది, మనం చెప్పేది వినడు, ముందు తను అరుస్తాడు, "మొన్న వంటింట్లో పైపు పగిలితే వచ్చాడు వెధవ, నేల మీద బోర్లా పడుకుని బాగుచేస్తూ అప్పుడు కూడా అరుపులే" అని. మొన్నా? ఇల్లు కట్టి చాలాకాలమైనట్టుందే, ఇప్పటికీ వస్తాడా అని ఆమె అడిగితే, టీచరమ్మకి ఆ ప్రశ్నే బోధపడలేదు. "కట్టింది వాడేగా, వాడు రాక ఇంకెవరొస్తారు?" అంది. ఇన్నేళ్ళుగా ఎవరూ చూడని ఆ 'వాళ్ళు' ఇక్కడ ఒక మనిషి. ఫోన్ ఎత్తే మనిషి, నేల మీద పడుకునే మనిషి, తిడితే తగిలే మనిషి. తిట్టు వెళ్ళి చేరాల్సిన చోటికి చేరే ఇళ్ళు కూడా ఈ లోకంలో ఉన్నాయి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, భర్త చూసి "ఏంటి, దుమ్ము పడిందా?" అన్నాడు.

మైకు ఇప్పుడు కట్టిన కొత్త ఇల్లు గొప్పగా లేదు, ఆ సంగతి ఆమె తనకి తాను దాచుకోవడం లేదు. ఒక వైపు కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. హాలు ఇరుకు. గోడల నునుపు అంతంతమాత్రం. ఆఫీసంటే మెట్ల కింద ఓ బల్ల, రెండు కుర్చీలు, వాటిలో ఒకదాని మీద కూర్చోబోతే "దాని మీద కూర్చోకండి, పడతారు!" అని అరిచాడు, అరిచినా నిజం చెప్పాడు. బాత్రూములో ఆమె బకెట్టుడు నీళ్ళు కుమ్మరించి చూసింది, నీళ్ళు గొట్టం వైపు పోకుండా వెళ్ళి మూల నిలబడ్డాయి. అతను నీళ్ళ వంక చూశాడు, ఆమె వంక చూశాడు, "ఎవడ్రా ఈ వాలు పెట్టింది" అని పైదాకా వినబడేలా కేకేశాడు, మూలకి వెళ్ళి నీళ్ళలో కాలు పెట్టి చూసి, "నేనే చూసుకోలేదు, పగలగొట్టి మళ్ళీ వేయిస్తా" అన్నాడు. నేనే చూసుకోలేదు. ఆమె పనిచేసే చోట ఈ మాట ఎవరి నోటా రాదు, వస్తే ఉద్యోగం పోతుంది. బస్సులో ఇంటికి వస్తూ భర్త మైకు గొంతుని అనుకరించి నవ్వించాడు, "కుర్చీ మీద కూర్చోకండి, పడతారు" అని, ముందు సీటువాళ్ళు ఉలిక్కిపడి లేచారు. ఆయనకీ అతను నచ్చాడు. నచ్చిన సంగతి అన్నగారి ముందు చెప్పడానికి మాత్రం నీళ్ళు నమిలాడు. ఇదంతా సగం విని బావగారు తేల్చేశారు, "ఉంటున్నవాళ్ళే తిట్టిపోస్తుంటే వెళ్ళి వాడి దగ్గర కొంటారా? అక్కడేమో ఒక్కళ్ళు వంక పెట్టలేదు." ఎవరైనా అలాగే అనుకుంటారు, పైకి అది న్యాయంగానే ఉంది. కానీ బావగారు తిట్లు వినే కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. వస్తాడని తెలిసి తిట్టేవాళ్ళ గొంతు ఒకలా ఉంటుంది, ఎవరూ రారని తెలిసి మెచ్చుకునేవాళ్ళ గొంతు ఇంకోలా ఉంటుంది. ఆ రోజు కప్పుల చప్పుడు ఈ మాట అననివ్వలేదు. ఇవాళ కప్పుల్లేవు, అందామా, అంటే ఏమవుతుంది, బావగారు ముఖం మాడ్చుకుంటారు, కొన్నాళ్ళు మాట్లాడరు, మాట్లాడకపోతే ఇంట్లో కాస్త నిశ్శబ్దంగా ఉంటుంది, అంతేగా.

బయట లిఫ్టు తలుపు తెరుచుకుంది. లేవాలి, బట్టలు సర్దుకోవాలి, దుప్పటి ముడతలు తీయాలి అని చేతులు వాటంతట అవే కదిలాయి. ఆపేసింది. ఎందుకు లేవాలి. కొనేవాళ్ళు పడుకుని చూడకూడని మంచం ఇంకెవరి కోసం వేశారు. కాళ్ళు అలాగే బయటికి పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూ ఉండిపోయింది.

ముందు బావగారు, వెనక భర్త, ఆ వెనక ఇళ్ళు చూపించే అమ్మాయి. "మేడమ్, మంచం..." అని ఆ అమ్మాయి ఆగిపోయింది.

"ఒంట్లో బాలేదా అమ్మాయ్?" అన్నారు బావగారు కంగారుగా.

"నాకు బాగానే ఉంది బావగారూ. మంచానికే బాలేదు. మీరు పడుకుంటే కాళ్ళు పిక్కల దాకా బయటికొస్తాయి."

బావగారు నవ్వేశారు. "మన మంచం మనం తెచ్చుకుంటాంలే. రంగు ఏదో చెప్పు, కింద కాగితాలు రెడీ."

ఆమె లేచి కూర్చుంది. టైలు ముక్కలన్నీ ఆ అమ్మాయి చేతిలో పెట్టి అడిగింది, "వానకి గోడ తడిస్తే ఎవరికి చెప్పాలమ్మా?"

"మా కస్టమర్ కేర్ ఉంది మేడమ్. ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు."

"చేస్తే ఎవరొస్తారు?"

"సంబంధిత విభాగం నుంచి..."

"ఆ వచ్చే మనిషి పేరు?"

ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. "నిన్ను కాదమ్మా" అంది ఆమె, అని తనే ఉలిక్కిపడింది, ఇన్నేళ్ళు విన్న మాట తన నోటి నుంచి వస్తే ఇంత చేదుగా ఉంటుందని అనుకోలేదు. బావగారి వైపు తిరిగింది. "నేను సంతకం పెట్టను బావగారూ."

"ఇదేం విడ్డూరం! ఆ మైకుని వాడు కట్టిన ఇళ్ళల్లోవాళ్ళే తిడుతున్నారని చెప్పింది నువ్వే కదా!"

"తిడుతున్నారు కాబట్టే అక్కడ కొందామంటున్నాను. తిడితే వస్తున్నాడు. వీళ్ళు కట్టిన చోట గోడలు కారుతున్నా మంచిదే అంటున్నారు, తిట్టడానికి ఒక్కడు దొరక్క. నాకు పేరున్న కంపెనీ వద్దు. తిట్టడానికి ఒక మనిషి కావాలి."

"నువ్వేమంటావురా?" అని బావగారు తమ్ముడి మీదికి తిరిగారు. భర్త చేతిలో సంతకాల కోసం తెచ్చిన పెన్ను ఉంది. దాన్ని కాసేపు తిప్పాడు, మూత పెట్టాడు, జేబులో పెట్టుకున్నాడు. "సంతకం తనది కూడా కావాలి కదన్నయ్యా" అన్నాడు నెమ్మదిగా. అంతకంటే పెద్ద మాట అన్నగారి ముందు ఆయన నోట రావడం ఆమె ఎన్నడూ వినలేదు, ఆ క్షణంలో ఆయన మీద ఎంత ప్రేమ పుట్టిందంటే బావగారు లేకపోతే వెళ్ళి పట్టుకునేదే.

ఫోన్ తీసింది. అందరి ముందే కలిపింది. "ఎవరూ?" అన్న కేక ఆ తలుపుల్లేని ఇంట్లో వంటగది దాకా వినబడింది. అలవాటు కొద్దీ గొంతులోకి 'నమస్కారం' వచ్చింది, 'మీకు కలిగిన' కూడా వచ్చింది, వాటిని లోపలికి తోసేసింది. మొన్నటిదాకా మీరు మీరు అన్న మనిషిని, "ఏమయ్యా, బాత్రూములో నేల పగలగొడతానన్నావు, పగలగొట్టావా?" అంది.

"లేదమ్మా, ఆ పనివాడు రాలేదు..."

"పనివాడి సంగతి నాకెందుకు? ఇల్లు అమ్మేది నువ్వా, పనివాడా? చేయనివాడివి చేస్తానని ఎందుకన్నావు? అరవడానికున్న గొంతు పని చేయించడానికి లేదా? నీళ్ళు మూల నిలబడి నాచు పట్టి నేను జారిపడితే అప్పుడొస్తావా, పళ్ళు పట్టుకుని పలకరించడానికి?" ఎక్కడ దాగున్నాయో, ఒకదాని వెనక ఒకటి తన్నుకొస్తున్నాయి, పొద్దుటి తిట్లంత తాజాగా. ముసలాయన లిఫ్టుకి కూడా ఇందులో కాస్త వాటా ఉందని ఆమెకి తెలుస్తూనే ఉంది. పక్కన ఇళ్ళు చూపించే అమ్మాయి టైలు ముక్కలు గుండెకి హత్తుకుని కళ్ళార్పకుండా వింటోంది.

ఆమె ఊపిరి తీసుకోవడానికి ఆగింది. అప్పుడు మైకు మాట్లాడాడు, అతనికి అంత చిన్న గొంతు కూడా ఉందని ఎవరూ అనుకోరు. "రేపు పొద్దున నేనే గునపం పట్టుకుంటానమ్మా. మీరొచ్చి నీళ్ళు పోసి చూడండి."

"వస్తాను. వచ్చి చూసి, బాగా లేకపోతే మళ్ళీ తిడతాను."

"తిట్టండమ్మా" అన్నాడు మైకు. "ఇల్లు కట్టింది నేనే కదా."